లా మొదటి ఏడాదిలో మళ్లీ మళ్లీ వచ్చే డౌట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి కొత్తగా కాలేజీలో చేరిన పిల్లలకు చాలా ఏళ్లుగా సాయంత్రం పూట పాఠాలు చెబుతున్నాను. బ్యాచ్‌లు మారుతున్నాయి, డౌట్లు మాత్రం అవే. ఒకే జవాబు మళ్లీ మళ్లీ చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీరు ఎక్కడ ఆగిపోయారో నేరుగా ఆ ప్రశ్న దగ్గరికి వెళ్లండి. సెక్షన్ నంబరు ఒక్కటే బట్టీ పడితే పరీక్ష హాల్లో ఎగిరిపోతుంది. ఒక సంఘటనకు ముడివేసి పెట్టుకుంటే ఉండిపోతుంది. అందుకే వీలైన చోటల్లా మన జిల్లాల నుంచి పెద్ద కోర్టులకు వెళ్లిన కేసులే తీసుకున్నాను.

## కాలేజీలో చేరిన కొత్తలో

పబ్లిక్ లా, ప్రైవేట్ లా అంటారు. రెండింటికీ తేడా ఏంటి సార్?

ప్రభుత్వానికీ పౌరుడికీ మధ్య సంబంధాన్ని చూసేది పబ్లిక్ లా. రాజ్యాంగం, పరిపాలనా చట్టం, క్రిమినల్ లా దాని కిందికి వస్తాయి. ఇద్దరు మనుషుల మధ్య హక్కులు, బాధ్యతలు చూసేది ప్రైవేట్ లా. కాంట్రాక్టు, టార్ట్ (నష్టపరిహారం అడగదగిన సివిల్ తప్పు), ఆస్తి, పెళ్లి, వారసత్వం అందులోవి.

నిర్వచనం ఇంతే, కానీ దీంతో అర్థం కాదు. ఒక సంఘటన చూడండి. పొలం నుంచి బైకు మీద వస్తున్న రైతును లారీ గుద్దింది, ఆయన చనిపోయాడు. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీసినందుకు డ్రైవరు మీద ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త శిక్షాస్మృతి బీఎన్ఎస్ 106(1) కింద కేసు నడుస్తుంది. దాన్ని నడిపేది ప్రభుత్వం, అడిగేది శిక్ష. రైతు భార్యాబిడ్డలు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద ట్రిబ్యునల్‌కు వెళ్తారు. అక్కడ ఎదుటివాళ్లు లారీ ఓనరు, డ్రైవరు, ఇన్సూరెన్సు కంపెనీ, అడిగేది డబ్బు. రవాణా శాఖ లైసెన్సు సస్పెండ్ చేస్తే అది పరిపాలనా చర్య. ప్రమాదం ఒకటే, దారులు మూడు. ఏ సమస్య ఇచ్చినా ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి: ఎవరి మీద ఎవరు? ఏం అడుగుతున్నారు? వీటికి జవాబు దొరికితే అది ఏ చట్టమో దానంతటదే తేలుతుంది.

జీవో వచ్చిందంటే చట్టం మారినట్టేనా?

కాదు. చట్టం చేసేది పార్లమెంటు లేదా శాసనసభ. ఆ చట్టం ఇచ్చిన అధికారంతో ప్రభుత్వం చేసేవి రూల్స్. జీవో ప్రభుత్వ శాఖ ఇచ్చే ఉత్తర్వు. చట్టం మౌనంగా ఉన్నచోట జీవో ఖాళీని పూరించగలదు. చట్టంలో ఉన్నదాన్ని జీవో కొట్టెయ్యలేదు. అలా కొట్టేసే జీవోను హైకోర్టు రద్దు చేస్తుంది. ఆర్డినెన్సు వేరు. సభలు నడవనప్పుడు రాష్ట్రపతి గానీ గవర్నరు గానీ ఇచ్చే ఆర్డినెన్సుకు చట్టంతో సమానమైన బలం ఉంటుంది. సభ మళ్లీ కూడిన ఆరు వారాల్లో ఆమోదం పొందకపోతే అది పోతుంది.

డబ్బు తీసుకుని ఎగ్గొట్టాడు. 420 కేసు పెట్టొచ్చా?

మొదటి ఏడాది పిల్లలను ఇంట్లోవాళ్లు అడిగే తొలి ప్రశ్న ఇదే. అప్పు తీర్చకపోవడం ఒక్కటే చీటింగ్ కాదు. డబ్బు తీసుకునే రోజే మోసం చేసే ఉద్దేశం ఉందా అన్నది చూడాలి. లేని స్థలం చూపించి, నకిలీ కాగితాలు పెట్టి అడ్వాన్సు తీసుకుంటే అది మోసం. పాత ఐపీసీ 420 ఇప్పుడు బీఎన్ఎస్ 318(4), ఏడేళ్ల వరకు జైలు. నిజంగానే వ్యాపారం కోసం తీసుకుని, పంట పోయో వ్యాపారం దెబ్బతినో కట్టలేకపోతే అది సివిల్ బాకీ, దానికి దావా వేసుకోవాలి. స్టేషన్‌కు వెళ్తే డబ్బు త్వరగా వస్తుందని చాలామంది సివిల్ తగాదాకు క్రిమినల్ రంగు పూస్తారు. అది తప్పని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది.

సాక్ష్యం కొలతలోనూ తేడా ఉంది. సివిల్ దావాలో ఎవరి మాట ఎక్కువ నమ్మదగ్గదిగా ఉందో చూస్తారు. క్రిమినల్ కేసులో సహేతుకమైన అనుమానానికి తావు లేకుండా నేరం రుజువు కావాలి. అందుకే ఒకే సంఘటన మీద క్రిమినల్ కేసు కొట్టేసినా సివిల్ దావా నెగ్గే వీలుంది.

ఐపీసీ చదవాలా, బీఎన్ఎస్ చదవాలా?

రెండూ చదవాలి. 2024 జులై 1 నుంచి 1860 నాటి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్), క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్), 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. ఐపీసీలో 511 సెక్షన్లు ఉండేవి, బీఎన్ఎస్‌లో 358.

నేరం ఏ రోజు జరిగిందో చూడండి. 2024 జూన్ 30న జరిగిన హత్యకు ఐపీసీ 302, మర్నాడు జరిగిన హత్యకు బీఎన్ఎస్ 103. నేరం జరిగిన రోజున అమల్లో ఉన్న చట్టం ప్రకారమే శిక్ష వేయాలని రాజ్యాంగం 20(1) అధికరణ చెబుతోంది. పాత కేసులు కోర్టుల్లో ఇంకా చాలా ఏళ్లు నడుస్తాయి. పైగా మీరు చదివే తీర్పులన్నీ పాత నంబర్లతోనే ఉంటాయి. నోటుబుక్కులో ప్రతి నేరం పక్కన రెండు నంబర్లూ రాసుకోండి: హత్యాయత్నం 307కు 109, భార్యపై భర్త, అతని బంధువుల క్రూరత్వం 498ఏకు 85, నిర్లక్ష్యంతో ప్రాణం తీయడం 304ఏకు 106.

## రాజ్యాంగం దగ్గర

ప్రాథమిక హక్కును పక్కింటాయన మీద వాడొచ్చా?

సాధారణంగా వాడలేం. సమానత్వం, భావప్రకటన లాంటి హక్కులు ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేయడానికి ఇచ్చినవి. 12వ అధికరణలో 'రాజ్యం' అంటే ఎవరో చెప్పారు: కేంద్రం, రాష్ట్రాలు, పంచాయతీ, మున్సిపాలిటీ, ప్రభుత్వ అదుపులో నడిచే సంస్థలు.

అయితే కొన్ని హక్కులు మనుషుల మీద కూడా నేరుగా పనిచేస్తాయి. 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. ఊరి టీకొట్టులో దళితులకు వేరే గ్లాసు పెడితే, కొట్టు నా సొంతం, నా ఇష్టం అని ఓనరు తప్పించుకోలేడు. రెండు గ్లాసుల పద్ధతి మన పల్లెల్లో ఎంతకాలం నడిచిందో తెలిసినవాళ్లకు ఈ అధికరణ బరువు తెలుస్తుంది. వెట్టిచాకిరీని నిషేధించే 23, ఫ్యాక్టరీలూ గనుల్లాంటి ప్రమాదకరమైన పనుల్లో 14 ఏళ్ల లోపు పిల్లలను పెట్టకూడదనే 24 కూడా ఇలాంటివే. 2023లో కౌశల్ కిశోర్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ 19 (భావప్రకటన లాంటి స్వేచ్ఛలు), 21 (ప్రాణం, వ్యక్తి స్వేచ్ఛ) అధికరణల హక్కులను ప్రైవేటు వ్యక్తుల మీద కూడా అడగొచ్చని చెప్పింది. అందుకే ఈ ప్రశ్నకు పాత గైడుల్లో ఉన్న జవాబు ఇప్పుడు చాలదు.

రాజ్యాంగంలో 32వ అధికరణకీ 226కీ తేడా ఏంటి? ఏ రిట్ ఎప్పుడు వెయ్యాలి?

32 కింద సుప్రీంకోర్టుకు వెళ్లడం దానికదే ఒక ప్రాథమిక హక్కు, కానీ ప్రాథమిక హక్కుకు భంగం కలిగినప్పుడే. 226 కింద హైకోర్టు పరిధి ఇంకా పెద్దది. మామూలు చట్టం ఇచ్చిన హక్కుకు భంగం కలిగినా వెళ్లొచ్చు. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్ వాళ్లకు అమరావతిలో, తెలంగాణ వాళ్లకు హైదరాబాదులో వేర్వేరు హైకోర్టులు ఉన్నాయి.

రిట్ అంటే ఈ అధికరణల కింద కోర్టు ఇచ్చే ఆదేశం. అవి అయిదు. మనిషిని పోలీసులు తీసుకెళ్లి ఎక్కడ పెట్టారో చెప్పకపోతే హెబియస్ కార్పస్. అన్ని కాగితాలూ ఇచ్చినా తహసీల్దారు నెలల తరబడి దరఖాస్తు మీద ఏదీ తేల్చకపోతే మాండమస్. అర్హత లేని వ్యక్తి ప్రభుత్వ పదవిలో కూర్చుంటే కో వారంటో. కింది కోర్టో ట్రిబ్యునలో తన పరిధి దాటుతుంటే ఆపడానికి ప్రొహిబిషన్, దాటి తీర్పు ఇచ్చేశాక దాన్ని రద్దు చేయడానికి సెర్షియోరరీ. ఈ చివరి రెండూ పిల్లలు తారుమారు చేస్తుంటారు. జరుగుతుండగా అయితే ప్రొహిబిషన్, జరిగిపోయాక అయితే సెర్షియోరరీ అని పెట్టుకోండి.

కేశవానంద భారతి కేసులో అసలు ఏం తేలింది?

పార్లమెంటు రాజ్యాంగంలో ఏ భాగాన్నయినా సవరించవచ్చు, కానీ దాని మౌలిక స్వరూపాన్ని చెరపకూడదు. 1973 ఏప్రిల్ 24న 13 మంది జడ్జీల ధర్మాసనం 7-6 తేడాతో చెప్పిన మాట ఇది. కేసు మొదలైంది కేరళలోని ఎడనీరు మఠం భూముల దగ్గర.

దీనికి ముందు మెట్టు గోలక్‌నాథ్ కేసు. 1967లో 6-5 తేడాతో వచ్చిన ఆ తీర్పులో ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదన్నారు. ఆయన రాజమండ్రిలో పుట్టిన మనిషి, 1954లో గుంటూరులో మొదలైన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి. కేశవానంద తీర్పు గోలక్‌నాథ్‌ను తోసిపుచ్చింది. అయినా పార్లమెంటు అధికారానికి ఒక హద్దు ఉందన్న ఆలోచన వేరే రూపంలో నిలబడింది. పరీక్షలో చాలామంది కేశవానందలో 'ప్రాథమిక హక్కులు సవరించకూడదన్నారు' అని రాస్తారు. అది గోలక్‌నాథ్ మాట. ఈ ఒక్క పొరపాటుకు మార్కులు పోతున్నాయి.

ఆస్తి హక్కు ప్రాథమిక హక్కేనా?

ఇప్పుడు కాదు. 1978 నాటి 44వ సవరణ దాన్ని ప్రాథమిక హక్కుల నుంచి తీసేసి 300ఏ అధికరణలో పెట్టింది. ఇప్పుడది రాజ్యాంగ హక్కు. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ ప్రభుత్వం తీసుకోకూడదు. నేరుగా 32 కింద సుప్రీంకోర్టుకు వెళ్లలేరు, 226 కింద హైకోర్టుకు వెళ్లొచ్చు.

## క్రిమినల్ లా దగ్గర

ఎఫ్ఐఆర్‌లో పేరుంటే నేరం చేసినట్టేనా? పోలీసులు రాసుకోకపోతే ఏం చెయ్యాలి?

కాదు. ఎఫ్ఐఆర్ అంటే నేరం జరిగిందని పోలీసులకు అందిన మొదటి సమాచారం, అంతే. దర్యాప్తు అక్కడ మొదలవుతుంది. చార్జిషీటు వేశాక కూడా ముద్దాయి నిర్దోషి కిందే లెక్క.

కాగ్నిజబుల్ నేరం (వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరం) గురించి చెబితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013 నవంబరులో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. ఇప్పుడది బీఎన్ఎస్ఎస్ 173. మా స్టేషన్ పరిధి కాదని తిప్పి పంపకూడదు. జీరో ఎఫ్ఐఆర్ కట్టి, సంబంధించిన స్టేషన్‌కు పంపాలి. ఫిర్యాదు నోటితో చెబితే రాసుకుని, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. కాపీ ఉచితంగా ఇవ్వాలి. 'చదివి వినిపించగా సరిగా ఉన్నదని ఒప్పుకుని' అన్న వాక్యం కింద వేలిముద్ర ఉంటుంది కదా, ఆ వాక్యం నిజంగా జరిగిందా లేదా అన్న దాని మీద విచారణలో గంటలకొద్దీ క్రాస్ ఎగ్జామినేషన్ నడుస్తుంది. స్టేషన్‌లో రాసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపాలి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు ముందు బీఎన్ఎస్ఎస్ 175(3) కింద పిటిషన్ వెయ్యాలి.

అరెస్టయితే ఎంతసేపు స్టేషన్‌లో ఉంచొచ్చు? బెయిల్ ఎప్పుడు హక్కు అవుతుంది?

ప్రయాణానికి పట్టే సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఇది రాజ్యాంగం 22(2)లోనే ఉంది. ఎందుకు అరెస్టు చేశారో చెప్పాలి, లాయరును కలవనివ్వాలి. బెయిలబుల్ నేరమైతే బెయిల్ హక్కు. నాన్ బెయిలబుల్ అంటే బెయిలే రాదని కాదు, ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు విచక్షణ. ఈ పేరు విని కుటుంబాలు ఎంత టెన్షన్ పడతాయో చూశాను. దర్యాప్తు 60 రోజుల్లో, పెద్ద నేరాలకు 90 రోజుల్లో ముగిసి చార్జిషీటు పడకపోతే, బెయిల్ ఇస్తే ష్యూరిటీలు పెట్టగలిగినవాడు హక్కుగా బయటికి రావచ్చు. చార్జిషీటు పడకముందే అడగాలి, ఆలస్యం చేస్తే ఆ హక్కు చేజారుతుంది.

హత్యకూ, కల్పబుల్ హోమిసైడ్‌కూ తేడా ఎంత చదివినా తలకెక్కడం లేదు

ఎవరికీ మొదటిసారి ఎక్కదు. కల్పబుల్ హోమిసైడ్ అంటే శిక్షార్హమైన నరహత్య. అప్పటి గుంటూరు జిల్లా రొంపిచర్లకు చెందిన ఒక కేసుతో చదవండి. ఊళ్లో రెండు వర్గాలు. ఒక వర్గంవాళ్లు ప్రత్యర్థి వర్గం మనిషి బస్సు దిగాక దుడ్డుకర్రలతో వెంటపడ్డారు. యాభై అయిదేళ్ల ఆ మనిషి చేతులు జోడించి వదిలేయమని అడిగాడు. కాళ్లూ చేతులూ విరగ్గొట్టారు. తల మీద, గుండె మీద దెబ్బ వెయ్యలేదు. మర్నాడు చనిపోయాడు.

ప్రాణాధారమైన అవయవాల మీద కొట్టలేదు కాబట్టి హత్య కాదని హైకోర్టు శిక్ష తగ్గించింది. 1976లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఇదే స్టేట్ ఆఫ్ ఏపీ వర్సెస్ రాయవరపు పున్నయ్య, దేశమంతా ఈ అంశం మీద చదివే తీర్పు. కల్పబుల్ హోమిసైడ్ అన్నది పెద్ద జాతి, హత్య అందులో ఒక ఉపజాతి అని అందులో వివరించారు. ప్రతి హత్యా కల్పబుల్ హోమిసైడే, ప్రతి కల్పబుల్ హోమిసైడూ హత్య కాదు.

తేల్చే పద్ధతి ఇది. ముందు, ఆ పని వల్లే చావు జరిగిందా? తర్వాత, అది కల్పబుల్ హోమిసైడ్‌ను నిర్వచించే బీఎన్ఎస్ 100లోకి వస్తుందా? వస్తే, హత్యను నిర్వచించే 101లోని నాలుగు సందర్భాల్లో దేనిలోకైనా ఎక్కుతుందా? ఎక్కితే హత్య, మినహాయింపు ఉంటే మళ్లీ కిందికి దిగి, హత్య కాని కల్పబుల్ హోమిసైడ్‌కు శిక్ష చెప్పే 105. రొంపిచర్ల కేసులో చంపాలన్న ఉద్దేశం చూపించక్కర్లేకపోయింది. ఆ గాయాలు చెయ్యాలనే కొట్టారు, అన్ని గాయాలు కలిస్తే మామూలుగా మనిషి చనిపోతాడు. అంత చాలు.

## కాంట్రాక్టు, టార్ట్ దగ్గర

నోటిమాట ఒప్పందం చెల్లుతుందా?

చాలావరకు చెల్లుతుంది. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 10 అడిగేవి స్వచ్ఛందమైన సమ్మతి, అర్హత ఉన్న మనుషులు, ప్రతిఫలం (మాటకు బదులుగా ఇచ్చేది), చట్టబద్ధమైన ఉద్దేశం. కాగితం అడగదు. భూమి అమ్మకం లాంటి కొన్నిటికే వేరే చట్టాలు రాత, రిజిస్ట్రేషన్ అడుగుతాయి. నోటిమాటతో చిక్కు చెల్లుబాటు దగ్గర కాదు, రుజువు దగ్గర.

పదిహేడేళ్ల వాడు సంతకం పెట్టాడు, ఇప్పుడు మేజరయ్యాడు. ఒప్పందం నిలబడుతుందా?

నిలబడదు. మైనరు చేసిన ఒప్పందం పుట్టుకతోనే చెల్లనిదని 1903లో మోహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో లండన్‌లో ఉన్న మన చివరి అప్పీలు కోర్టు) చెప్పింది. కలకత్తాలో ఒక మైనరు ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడు, ఆ తాకట్టు చెల్లలేదు. మేజరయ్యాక పాత ఒప్పందాన్ని ఆమోదిస్తున్నానన్నా బతకదు, కొత్త ప్రతిఫలంతో కొత్త ఒప్పందం కావాలి. తిండి, బట్ట, చదువు లాంటి అవసరాలకు ఇచ్చిన డబ్బు మాత్రం సెక్షన్ 68 కింద మైనరు ఆస్తి నుంచి రాబట్టుకోవచ్చు.

ప్రతిఫలం మాట పొందినవాడే ఇవ్వాలా?

ఇంగ్లండులో ప్రతిఫలం వాగ్దానం పొందినవాళ్ల దగ్గర్నుంచే రావాలి. మన దగ్గర ఎవరి నుంచి వచ్చినా చాలు. చిన్నయ్య వర్సెస్ రామయ్య అనే మద్రాసు హైకోర్టు కేసులో ఒక పెద్దావిడ తన కూతురికి ఆస్తి రాసిచ్చి, తన తోబుట్టువుకు ఏటా 653 రూపాయలు ఇవ్వమంది. కూతురు పిన్నికి కాగితం రాసిచ్చి, తర్వాత ఎగ్గొట్టింది. 'పిన్ని నాకేమీ ఇవ్వలేదు కదా' అని కూతురు వాదించింది. ఆస్తి ఇచ్చింది తల్లి అయినా అదే ప్రతిఫలం, డబ్బు కట్టాల్సిందేనని తేల్చారు.

చచ్చిపోతానని బెదిరించి సంతకం పెట్టించుకుంటే అది బలవంతం అవుతుందా?

1917లో మద్రాసు హైకోర్టు అవుతుందంది. చిక్కం అమ్మిరాజు వర్సెస్ చిక్కం శేషమ్మ. ఆత్మహత్య చేసుకుంటానని భర్త బెదిరించి, తన అన్నదమ్ముడి పేరిట భార్యతోనూ కొడుకుతోనూ విడుదల దస్తావేజు (ఆస్తిలో హక్కు వదులుకునే కాగితం) రాయించాడు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 15 ప్రకారం, శిక్షాస్మృతి నిషేధించిన పని చేస్తానని బెదిరించడం బలవంతం. చనిపోయినవాడిని శిక్షించలేం కానీ ఆత్మహత్య నిషిద్ధమే అని మెజారిటీ అంది. ఒక జడ్జి విభేదించారు.

ఇప్పుడు దీన్ని కొత్తగా ఆలోచించాలి. ఆత్మహత్యాయత్నాన్ని శిక్షించే పాత ఐపీసీ 309 బీఎన్ఎస్‌లో లేదు. ప్రభుత్వోద్యోగి మీద ఒత్తిడి పెట్టడానికి చేసిన ప్రయత్నమే బీఎన్ఎస్ 226 కింద నేరం. అలాంటప్పుడు ఇంట్లో బెదిరింపు 'నిషిద్ధమైన పని' అవుతుందా? కాకపోయినా సెక్షన్ 16లోని అనుచిత ప్రభావం కింద ఆ భార్యకు రక్షణ దొరుకుతుందని నా అభిప్రాయం. జవాబుపత్రంలో ఈ రెండు వాక్యాలు రాసిన పిల్లలు చాలా అరుదు.

ఇదే వరసలో 1889 నాటి రంగనాయకమ్మ కేసు చదవండి. పదమూడేళ్ల పిల్ల, భర్త చనిపోయాడు. ఒక అబ్బాయిని దత్తత తీసుకుంటేగానీ శవాన్ని లేవనివ్వమని బంధువులు అడ్డుపడ్డారు. ఆ దత్తత ఆమెను కట్టిపడెయ్యదని కోర్టు తేల్చింది. స్వచ్ఛందమైన సమ్మతి అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ పిల్లే గుర్తొస్తుంది.

ప్రోనోటుకు మూడేళ్లు దాటితే బాకీ పోయినట్టేనా?

బాకీ పోదు, దావా వేసే దారి మూసుకుపోతుంది. దీన్నే కాలదోషం పట్టడం అంటాం. డిమాండు ప్రోనోటుకు (అడగ్గానే చెల్లిస్తానని రాసిన నోటుకు) 1963 కాలపరిమితి చట్టం ప్రకారం నోటు తేదీ నుంచి మూడేళ్లు.

నోటు ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. ముందువైపు రెవెన్యూ స్టాంపు, దాని మీదుగా అప్పు తీసుకున్నవాడి సంతకం. వెనక్కి తిప్పితే 'ఈ నోటు బాపతు రూ. 500 చెల్లు' అని తేదీతో ఒక వరస, కింద సంతకం. మన ఊళ్లలో చెల్లు వేయించడం అనేది దీన్నే. కాలపరిమితి చట్టం సెక్షన్ 19 ప్రకారం, గడువు లోపల కొంత డబ్బు కట్టి, అది కట్టినవాడి చేతిరాతతోనో సంతకంతోనో ఉంటే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. అప్పిచ్చినవాడే తన చేత్తో చెల్లు రాసుకుంటే పనికిరాదు. గడువు దాటాక వేసిన చెల్లు కూడా ఈ సెక్షన్ కింద పనికిరాదు. అప్పుడు కాంట్రాక్టు చట్టం 25(3) కింద కాలదోషం పట్టిన బాకీ తీరుస్తానని రాతపూర్వకంగా కొత్త వాగ్దానం కావాలి. ఇంత పెద్ద సూత్రం ఆ కాగితం వెనక ఒక వరసలో ఉంది.

నాకు నష్టం జరిగింది. అంటే టార్ట్ ఉన్నట్టేనా?

నష్టం జరిగితే చాలదు, చట్టబద్ధమైన హక్కుకు భంగం కలగాలి. మీ టిఫిన్ సెంటరు ఎదురుగా ఇంకొకరు పెట్టి, ఇడ్లీ తక్కువకు అమ్మితే మీ గల్లా పడిపోతుంది. అయినా దావా లేదు. తిరగేసి చూస్తే, ఓటు హక్కున్న మనిషిని ఓటు వెయ్యనివ్వకపోతే, అతను బలపరిచిన అభ్యర్థి గెలిచినా దావా ఉంది. 1703 నాటి ఆష్‌బీ వర్సెస్ వైట్ కేసు అదే.

స్ట్రిక్ట్ లయబిలిటీ, అబ్సల్యూట్ లయబిలిటీ ఒకటేనా?

కాదు. 1868లో ఇంగ్లండులో రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ కేసులో స్ట్రిక్ట్ లయబిలిటీ పుట్టింది. ప్రమాదకరమైన వస్తువు నీ భూమి మీద పెట్టుకుంటే, అది తప్పించుకుపోయి చేసిన నష్టానికి నీ నిర్లక్ష్యం లేకపోయినా నువ్వే బాధ్యుడివి. కానీ దైవఘటన, బయటివాడి పని లాంటి మినహాయింపులు ఉన్నాయి. 1984 భోపాల్ విషాదం తర్వాత, ఢిల్లీ ఓలియం గ్యాస్ లీకు కేసులో మన సుప్రీంకోర్టు ఆ మినహాయింపులు ప్రమాదకర పరిశ్రమలకు వర్తించవంది. అదే అబ్సల్యూట్ లయబిలిటీ. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకై నిద్రలో ఉన్నవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నప్పుడు, ఒక్క రోజులోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ కంపెనీని 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చెయ్యమంది.

జైల్లో మనిషి చనిపోతే ప్రభుత్వం మీద నష్టపరిహారం దావా వెయ్యొచ్చా?

వెయ్యొచ్చు. అప్పటి కర్నూలు జిల్లా కోవెలకుంట్ల సబ్‌జైల్లో 1977 మే నెలలో ఒక రాత్రి బాంబులు విసిరారు. రిమాండులో ఉన్న తండ్రి చనిపోయాడు, కొడుకు గాయాలతో బతికాడు. ప్రాణభయం ఉందని వాళ్లు ముందే చెప్పుకున్నారు. జైలు నడపడం సార్వభౌమ విధి కాబట్టి మాకు బాధ్యత లేదని ప్రభుత్వం వాదించింది. 2000లో చల్లా రామకృష్ణారెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన తోసేసింది. జైల్లో ఉన్నా మనిషికి 21వ అధికరణ కింద ప్రాణహక్కు ఉంటుంది, దాని ముందు సార్వభౌమత్వం అన్న కవచం పనిచెయ్యదు. హైకోర్టు వేసిన 1,44,000 రూపాయల డిక్రీ నిలిచింది. దావా టార్ట్‌ది, హక్కు రాజ్యాంగానిది. పబ్లిక్ లాకూ ప్రైవేట్ లాకూ మధ్య గోడ అంత గట్టిది కాదని ఈ కేసు చదివితే తెలుస్తుంది.

## ఆస్తి, కుటుంబం దగ్గర

నోటరీ చేయించిన అగ్రిమెంటుతో స్థలం నాదైపోతుందా?

కాదు. వంద రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరైన దస్తావేజు కావాలని 1882 ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 54 చెబుతోంది. అమ్మకం అగ్రిమెంటు ఆస్తి మీద హక్కు ఇవ్వదు, రిజిస్టరు చేసిపెట్టమని దావా వేసే హక్కు మాత్రం ఇస్తుంది. నోటరీ ముద్ర ఈ సంతకం ఫలానావాళ్లదే అని చెప్పేది, అంతకు మించి కాదు. తెలంగాణ పల్లెల్లో సాదా బైనామా (రిజిస్టరు చేయని తెల్లకాగితం అమ్మకపు పత్రం) మీద పొలం కొని, ఏళ్ల తరబడి దున్నుకుంటూ కూడా పట్టా రాక తిరిగే కుటుంబాలను చూస్తే ఈ ఒక్క సెక్షన్ ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. జీపీఏతో (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీతో) చేసే అమ్మకం అమ్మకం కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

పెళ్లిలో కట్నం, పసుపుకుంకుమ ఇచ్చేశాం. ఇంకా ఆడపిల్లకు వాటా ఉంటుందా?

ఉంటుంది. కట్నం ఇవ్వడం వల్ల వాటా రద్దు కాదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇవ్వడంలో దేశం కంటే ఆంధ్రప్రదేశ్ ఇరవై ఏళ్లు ముందుంది. ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన 1986 సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. అక్కకు లేని వాటా చెల్లెలికి ఉండడం చాలా ఇళ్లలో జరిగింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ పెళ్లితో సంబంధం లేకుండా కూతుళ్లందరికీ హక్కు ఇచ్చింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండక్కర్లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో తేలింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా జరిగిపోయిన పంపకాలను తిరగతోడరు.

ఇదంతా హిందూ ఉమ్మడి ఆస్తి సంగతి. తండ్రి స్వార్జితమైతే ఆయన ఎవరికైనా వీలునామా రాయొచ్చు. రాయకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి ఉంటే ఆమె, అందరికీ సమానం.

## చదువు, పరీక్ష దగ్గర

తీర్పు నలభై పేజీలుంది. ఏది చదవాలి?

ముందు కథ చదవండి: ఎవరు, ఏం జరిగింది, కింది కోర్టు ఏమంది. తర్వాత కోర్టు ముందున్న ప్రశ్న ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి తప్పనిసరి అయిన కారణం రేషియో, అదే తర్వాతి కోర్టులను కట్టడి చేస్తుంది. దారిలో జడ్జి అన్న మిగతా మాటలు ఓబిటర్. ఒక వాక్యం తీసేసినా తీర్పు అలాగే నిలబడితే అది ఓబిటరే.

ఓడిపోయిన అభిప్రాయం, డిసెంట్, ఎందుకు చదవాలి?

అది రేపటి చట్టం కావచ్చు కాబట్టి. ఖడక్ సింగ్ కేసులో, పోలీసులు ఒక మనిషిని రాత్రింబవళ్లు కనిపెట్టి ఉండడం గురించి 1962లో వాదన నడిచింది. గోప్యత రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదని మెజారిటీ అంది. జస్టిస్ సుబ్బారావు విభేదించి, వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత విడదీయలేని భాగమన్నారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించి, సుబ్బారావు అభిప్రాయమే సరైనదని చెప్పారు. మధ్యలో 55 ఏళ్లు.

నేను తెలుగు మీడియం. ఇంగ్లిషు పదాలతో లా చదవగలనా?

చదవగలరు. హైకోర్టు తీర్పులు ఇంగ్లిషులో ఉంటాయి, అవి చదవడం నేర్చుకోక తప్పదు. రోజుకు రెండు పేజీలు బిగ్గరగా చదవండి, తెలియని పదాన్ని వాక్యంతో సహా రాసుకోండి. కానీ సాక్షి బోనెక్కి మాట్లాడేది తెలుగు. ఫిర్యాదు తెలుగు, ప్రోనోటు తెలుగు, పాత దస్తావేజు తెలుగు. 'నాలుగు గజాల దూరం నుంచి చూశాను' అన్నవాడిని 'చూశావా, విన్నావా?' అని అడగాల్సింది తెలుగులోనే. దస్తావేజులో 'తూర్పు: పుంత, పడమర: మీ తాలూకు మెరక' అని హద్దులు రాసి ఉంటే అది చదవగానే పొలం కళ్లకు కట్టేది మీకే. ఈ వారం ఇంట్లో ఉన్న పాత దస్తావేజు ఒకటి అడిగి తీసుకుని, హద్దులు కాగితం మీద గీసి తీసుకురండి.